తలంటిన రోజు ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు

శనివారం కదా అని పొద్దున్నే అలవాటుకొద్దీ కొబ్బరినూనె సీసా అలమరలోంచి తీశాను. కాల్గరీలో సెప్టెంబరు వచ్చిందంటే కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టి, సీసా బోర్లించినా రానంటుంది. వేడినీళ్ళలో కాసేపు నిలబెట్టి, కరిగాక చిన్న స్టీలు గిన్నెలోకి వంచి, నాలుగు మెంతిగింజలు వేసి సన్నటి సెగ మీద పెట్టాను. మెంతులు ఎర్రబడి వాసన వంటిల్లంతా కమ్ముకున్నాక గానీ నాకు గుర్తు రాలేదు, ఈ నూనె పెట్టాల్సిన తల ఇప్పుడు ఇంట్లో లేదని. మా అమ్మాయి కుని పోయిన ఆదివారమే బర్నబీ వెళ్ళింది, అక్కడ కొండమీద ఉన్న యూనివర్సిటీలో చదవడానికి. స్టవ్ ఆపేసి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. విచిత్రమేమిటంటే, ఆ వాసనకు నాకు ముందుగా గుర్తొచ్చింది కుని కాదు, సుగుణ ఆంటీ. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. ఆవిడను చూడనివాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వాయిదా వేస్తూ వచ్చాను. ఈ నూనెగిన్నె దగ్గరే మొదలుపెడతాను.

సుగుణ ఆంటీ డాక్టరు. ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టరు. తెనాలి దగ్గర పుట్టి, గుంటూరులో చదివి, ఇక్కడ మనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది ఉన్న రోజుల్లో కెనడా వచ్చారట. మేం ఈ వీధిలో ఇల్లు కొనేటప్పటికి రిటైరయ్యారు, భర్త కూడా లేరు, మాకు నాలుగిళ్ళ అవతల ఒక్కరే ఉండేవారు. పొట్టి మనిషి. ఎంత మంచు పడినా చీరే కట్టేవారు. కింద మంచు బూట్లు, పైన మోకాళ్ళ దాకా కోటు, మధ్యలో గద్వాల చీర అంచు. ఆ వేషం చూసి నవ్వుకోనివారు లేరు, ఆవిడ ముందు నవ్వే ధైర్యం ఉన్నవారూ లేరు. మొదటిసారి మా ఇంట్లో భోజనానికి వచ్చి పప్పుచారు ఒక్క ముద్ద తిని, "ఉప్పు మర్చిపోయావా, పొదుపు చేస్తున్నావా?" అని అడిగారు. నాది నిజామాబాదు. నా నోరూ తక్కువ తినలేదు. "మా దిక్కు వచ్చినోళ్ళు ఏసుకొని తింటరాంటీ, అడగరు" అన్నాను. ఆవిడ కళ్ళద్దాల మీదుగా నన్నొకసారి చూసి, "అట్లాగా, అయితే ఉప్పుగిన్నె ఇటు జరుపు" అన్నారు. మా స్నేహం అక్కడ కుదిరింది.

తన ఉద్యోగం గురించి ఆవిడ ఎక్కువ చెప్పేవారు కాదు. చెప్పినప్పుడు మాత్రం ఒకటే మాట. "మత్తు ఇవ్వడం ఎంతసేపే, క్షణం. మళ్ళీ లేచేదాకా తల దగ్గర కూర్చోవడమే అసలు పని. సర్జను కుట్లు వేసి చేతులు కడుక్కుని వెళ్ళిపోతాడు. మేం వెళ్ళకూడదు." చిన్నపిల్లలకు ఆపరేషనైతే ముందురోజే వెళ్ళి, ఏం చేస్తారో ఒకదాని తర్వాత ఒకటి చెప్పేవారట. ముక్కు మీద ఇలాంటి మూత పెడతారు, ఇలాంటి వాసన వస్తుంది, నిద్ర వస్తుంది, లేచేసరికి నేను ఇక్కడే ఉంటాను అని. చెప్పినట్టే చేసేవారట. రిటైరైనవాళ్ళు పాత ఉద్యోగం కబుర్లు చెప్పుకోవడం మామూలే కదా అని నేను టీ కలుపుతూ వినీ విననట్టు వినేదాన్ని.

నాకూ శ్రీధర్‌కూ పిల్లలు కలగలేదు. ఆ పదేళ్ళ సంగతి ఇక్కడ ఏకరువు పెట్టను, పడ్డవాళ్ళకు తెలుసు, పడనివాళ్ళకు అక్కర్లేదు. ఇండియా నుంచి ఒక పాపను తెచ్చుకుందామని నిర్ణయించుకున్నాక, మేం అప్పటికే కెనడా పౌరులం కాబట్టి రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాల్సి వచ్చింది. అదీ ఏళ్ళ తరబడి సాగింది. చివరికి ఒరిస్సాలో ఒక అనాథాశ్రమంలో ఉన్న అయిదేళ్ళ పాప ఫొటో వచ్చింది. ఆ వారం స్నేహితులను భోజనానికి పిలిచి సంగతి చెప్పాం. అందరూ సంతోషించారు. హేమలత గారని మాకు తెలిసినావిడ మాత్రం పెరుగన్నం కలుపుకుంటూ, "ఒరిస్సా పిల్లంటగా. ఎవరి పిల్లో ఏమో, ఏమైనా తెలిసిందా?" అని అడిగింది. ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉందని అందరికీ తెలుసు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపు సుగుణ ఆంటీ, "ఎందుకు తెలీదు? స్వరూప పిల్ల" అన్నారు నన్ను చూపించి. అని, "ఆవకాయ జాడీ అందుకోండి హేమలతా" అన్నారు. ఆ తర్వాత ఇప్పటిదాకా మా ఇంట్లో ఆ ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగలేదు.

పాపను మాకు అప్పగించిన రోజు నాకు కళ్ళకు కట్టినట్టుంది. జనవరి నెల. ఆశ్రమం వసారాలో పిల్లలందరినీ వరసగా నిలబెట్టారు. కుని ఒక్కత్తే కొత్త గౌనులో ఉంది. తలకు కారేటంత కొబ్బరినూనె పెట్టి, నున్నగా దువ్వి, ఎర్ర రిబ్బన్లతో రెండు జడలు వేశారు. నుదుట బొట్టు పెట్టారు. వాళ్ళు ఖీరి అనే పాయసం తినిపించారు. ఫొటోలు తీశారు. తర్వాత ఆ పిల్ల అక్కడి పెద్దవాళ్ళందరి కాళ్ళకూ వరసగా దణ్ణం పెట్టి, చిన్న సంచీ భుజాన వేసుకుని మాతో బండి ఎక్కింది. కళ్ళల్లో నీటి చుక్క లేదు. ఎంత ముచ్చటగా తయారుచేసి పంపారో, ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు పంపారని మేం దారి పొడుగునా మురిసిపోయాం. నా భుజం మీద తల పెట్టి నిద్రపోయినప్పుడు ఆ నూనె నా కుర్తాకంతా అంటుకుంది. ఆ కుర్తా చాలాకాలం ఉతకలేదు.

ఇక్కడికి వచ్చాక కుని ఎంత బుద్ధిమంతురాలంటే, చూసినవాళ్ళందరూ నా అదృష్టాన్ని పొగడడమే. లేపకుండా లేచేది. పెట్టింది తినేది. పక్క తనే మడత పెట్టేది. ఆడుకున్న బొమ్మలను ఏది ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టేది. ఏడుపు లేదు, పేచీ లేదు, ఇది కావాలని అడగడం లేదు. నన్ను మాత్రం 'మాఉసి' అని పిలిచేది. ఆశ్రమంలో అన్నం పెట్టే ఆడవాళ్ళందరూ దానికి మాఉసిలే, అంటే పిన్నులు. అమ్మా అని ఎప్పుడు పిలుస్తుందా అని నేను లోపల్లోపల కొట్టుకుపోతున్నా, పైకి ఏమీ అనకుండా ఉండేదాన్ని. రెండు నెలల్లో దానికి వంటింటి తెలుగు వచ్చేసింది, అమ్మ మాట మాత్రం రాలేదు. ఇంత మంచి పిల్ల, అదీ వస్తుందిలే అనుకునేదాన్ని. సంతోషించనిది సుగుణ ఆంటీ ఒక్కరే.

"ఇంతవరకూ ఏమైనా పగలగొట్టిందా?" అని అడిగారు ఒకరోజు.

"అయ్యో, లేదాంటీ. గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటది."

"నీ మీద ఎప్పుడైనా అరిచిందా?"

"దానికి కోపమే రాదు."

ఆవిడ పెదవి విరిచారు. "నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు ఎట్లా ఉంటావు? తిన్న కంచం కడిగి పెడతావు, కూర బాగుందంటావు, వెళ్ళేటప్పుడు కుర్చీ సర్దుతావు. అదే మీ అమ్మ దగ్గరైతే?" నేను నవ్వాను. మా అమ్మ దగ్గర నేను కంచం తీసిన పాపాన పోలేదు. "అదీ సంగతి. ఈ పిల్ల నీ ఇంట్లో చుట్టపు చూపుగా ఉందే స్వరూపా. బుద్ధిమంతురాలు కాదు, చుట్టం. తిరిగి ఎప్పుడు పంపిస్తారా అని చూస్తోంది." నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆవిడకు పిల్లలు లేరు కదా, ఆవిడకేం తెలుసు అని కూడా అనుకున్నాను. కానీ ఆ రాత్రి కుని పక్కన పడుకున్నప్పుడు చూస్తే, అది మంచానికి ఓ వార, బస్సులో పక్కవాళ్ళకు చోటిచ్చి కూర్చున్నట్టు ముడుచుకుని ఉంది.

ఆ మర్నాటినుంచి ఆంటీ రోజూ సాయంత్రం నాలుగింటికి మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. పెద్ద పనేమీ ఉండేది కాదు. పిల్లతో కాసేపు బఠాణీలు ఒలిచేవారు, ఏదో కథ చెప్పేవారు. వెళ్ళేటప్పుడు మాత్రం గోడగడియారం చూపించి, "చిన్నముల్లు ఇక్కడికొచ్చేసరికి మళ్ళీ రేపు వస్తా" అని చెప్పి వెళ్ళేవారు. మార్చిలో ఒకరోజు మంచు తుఫాను. స్కూళ్ళు మూసేశారు, ఎదురిల్లు కనపడడం లేదు. ఆంటీకి ఫోన్ చేసి ఇవాళ రావద్దని చెప్పాను. "ఆ పిల్లకు వస్తానని చెప్పాను, నీకు కాదు" అని పెట్టేశారు. నాలుగయ్యేసరికి కిటికీలోంచి చూస్తే, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, తెల్లటి మంచులో ఎర్రంచు చీర ఒకటి అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. గుమ్మంలో నిలబడి, "వచ్చానా?" అన్నారు కునితో. అది తలూపింది. "రేపూ వస్తా" అని చెప్పి, టీ కూడా తాగకుండా వెనక్కి వెళ్ళిపోయారు. డెబ్భై దాటిన మనిషికి ఇదేం చాదస్తమని శ్రీధర్ వెనకాలే పరుగెత్తి ఇంటిదాకా దింపి వచ్చాడు. కుని మాత్రం ఆ సాయంత్రమంతా గడియారం వంకా గుమ్మం వంకా మార్చి మార్చి చూస్తూ కూర్చుంది.

ఏప్రిల్‌లో కుని పుట్టినరోజు వచ్చింది. ఆశ్రమంవాళ్ళు రాయించిన తేదీయే, అయినా మా ఇంట్లో మొదటి పుట్టినరోజు. అదృష్టవశాత్తూ శనివారం పడింది. నేను నెల ముందునుంచే రహస్యంగా ఏర్పాట్లు చేశాను. మా అమ్మ నాకు చేసినట్టే అన్నీ చెయ్యాలని నా పట్టుదల. కుంకుడుకాయలు, సున్నిపిండి ఊరినుంచి తెప్పించాను. పట్టులంగా కుట్టించి తెప్పించాను. పొద్దున్నే లేపి, పీట వేసి కూర్చోబెట్టి, గోరువెచ్చని నూనె మాడున పెట్టాను. చెయ్యి తల మీద పడగానే పిల్ల కొయ్యబారిపోయింది. కొత్త కదా అనుకున్నాను. ఒళ్ళంతా నలుగు పెట్టి, కుంకుడు పులుసుతో తల రుద్దాను. కళ్ళల్లో పులుసు పడి కళ్ళు ఎర్రబడ్డాయి గానీ కిక్కురుమనలేదు. చిన్నప్పుడు నేనైతే తలంటు రోజున వీధి వీధంతా లేచేలా గోల పెట్టేదాన్ని, నా బంగారు తల్లి ఎంత ఓర్పుగలదో అనుకున్నాను. సాంబ్రాణి పొగ వేస్తే స్మోక్ అలారం కుయ్యోమని మోగింది. శ్రీధర్ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే నేను పడీ పడీ నవ్వాను. కుని నవ్వలేదు. రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టి, బొట్టు పెట్టి, సేమ్యా పాయసం తినిపించి, ఫొటో తీశాను. అప్పుడది ఎవరూ చెప్పకుండానే వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. తర్వాత శ్రీధర్ కాళ్ళకు పెట్టింది. నాకు ఆనందం ఆగలేదు. నిండు నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించి, "నువ్వు ఇక్కడే ఉండు బిడ్డా, నేను చీర మార్చుకొని వస్త. కార్ల పోదం" అన్నాను. గుడికి వెళ్ళి, అటునుంచి హాల్లో పార్టీకి వెళ్ళాలని ప్లాను.

నేను తయారై కిందికి వచ్చేసరికి కుని వీధి తలుపు దగ్గర కింద కూర్చుని ఉంది. పట్టులంగా కింద మంచు బూట్లు తొడుక్కుంది. ఒళ్ళో ఆశ్రమం నుంచి తెచ్చుకున్న చిన్న సంచీ ఉంది. అందులో వచ్చినప్పటి గౌను, పళ్ళు తోముకునే బ్రష్షు, అంతే. మేం కొన్నవేవీ తీసుకోలేదు. సరిగ్గా అప్పుడే మాతో గుడికి రావడానికి సుగుణ ఆంటీ తలుపు తీసుకుని లోపలికి వచ్చారు. కుని ఆవిడ వంక కాదు, ఆవిడ వెనక వీధి వంక చూసింది. "గాడి ఆసిలా?" అని అడిగింది. బండి వచ్చిందా అని.

ఆంటీ సంచీ వంక చూశారు, జడల వంక చూశారు. "ఏం చేశావే పొద్దున్నించీ?" అని అడిగారు నన్ను. చెప్పాను. చెబుతూ చెబుతూ ఉండగానే నా గొంతు నాకే వేరుగా వినిపించింది. నూనె, ఎర్ర రిబ్బన్లు, కొత్త బట్టలు, బొట్టు, పాయసం, ఫొటో, దణ్ణాలు, బండి. ఆశ్రమంలో పిల్లను పంపించెయ్యడానికి ఏం చేశారో, మా అమ్మ నేర్పిన మురిపెమంతా కలిపి నేను అక్షరం పొల్లుపోకుండా అదే చేశాను. ఆంటీ గొంతు తగ్గించి కునిని అడిగారు, "ఎక్కడికమ్మా వెళ్తున్నావు?" కుని భుజాలెగరేసి, ఆశ్రమంలో తన తోటిపిల్లల సంగతి చెప్పింది. "మునియా తేల్ పెట్టుకుంది, గాడిలో పోయింది. రాలేదు. బులు పోయింది. రాలేదు. నేను పోయాను" అంది. తప్పు పట్టడం లేదు, లోకంలో ఇలాగే జరుగుతుందని చెబుతోంది. నేను పరుగున వెళ్ళి దాన్ని గుండెకు హత్తుకుని, లేదు బిడ్డా, నిన్ను ఎక్కడికీ పంపం అని ఏడ్చాను. అది నా వీపు తట్టింది, చుట్టాలు ఓదార్చినట్టు.

"లే" అన్నారు ఆంటీ నన్ను. "మాటలతో లాభం లేదు. అక్కడా మంచి మాటలే చెప్పి పంపి ఉంటారు. ముందు చెప్పావా దీనికి, రేపు తలంటు పోస్తానని?"

"సర్‌ప్రైజ్ అనుకున్నా ఆంటీ..."

"చిన్నపిల్లలకు సర్‌ప్రైజులేంటే! శ్రీధర్, కారు తాళాలు లోపల పెట్టెయ్. హాలుకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పు. వచ్చేవాళ్ళను ఇక్కడికే రమ్మను." అని, కోటు విప్పి, జుట్టు ముడి విప్పేసి, ఆ గద్వాల చీరతోనే వంటింటి స్టూలు మీద కూర్చున్నారు. "నూనె పెట్టుకున్నవాళ్ళు వెళ్ళిపోతారన్నది దాని లెక్క. అయితే అందరం పెట్టుకుందాం. ఎవరు వెళ్తారో చూద్దాం. కునీ, ఇట్రామ్మా. నాకు నూనె రాయి."

కుని బూట్లు విప్పకుండానే వచ్చింది. గిన్నెలో వేళ్ళు ముంచి ఆవిడ తెల్లటి జుట్టు మీద మెల్లగా రాసింది. "అంతేనా? పొదుపు చేస్తున్నావా మీ అమ్మలాగా? పొయ్యి, బాగా పొయ్యి" అన్నారు ఆంటీ. తర్వాత నా వంతు. కొత్త కంచిపట్టు చీర మీద నూనె బొట్లు పడుతుంటే నేను కదల్లేదు. తర్వాత శ్రీధర్. అతని నెత్తి మీద అప్పటికే పొలం ఎండిపోయి గట్లే మిగిలాయి. ఆ బట్టతల మీద పోసిన నూనె జారి చెవుల్లోకి పోయింది. మధ్యాహ్నానికి చుట్టాలూ స్నేహితులూ వచ్చారు. గుమ్మంలో ఆంటీ నిలబడి, ఈ ఇంట్లో ఇవాళ లోపలికి రావాలంటే తలకు నూనె పెట్టుకోవాలి అన్నారు. కారణం చెప్పలేదు. చాలామంది నవ్వుతూ తల వంచారు. హేమలత గారు పార్లరులో జుట్టు సెట్ చేయించుకుని వచ్చింది. ఆవిడ గిన్నె వంక చూసింది, కుని వంక చూసింది, బూట్లూ సంచీ చూసింది. ఏమర్థమైందో ఏమో, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ రోజుతో ఆవిడ మీద నా కోపం పోయింది.

సాయంత్రం అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. కుని మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చుంది, అవే బూట్లతో. నేను ఎత్తుకుని లోపలికి తెద్దామంటే ఆంటీ చెయ్యి పట్టుకుని ఆపారు. ఆపి, గోడ పట్టుకుని, అబ్బా అయ్యా అనుకుంటూ వెళ్ళి దాని పక్కన నేల మీద కూర్చున్నారు. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయి మెట్లెక్కడమే కష్టంగా ఉన్న రోజులవి. నేను కుర్చీ తెచ్చినా వద్దన్నారు. ఏమీ మాట్లాడలేదు, కథ చెప్పలేదు, బుజ్జగించలేదు. ఊరికే కూర్చున్నారు. వీధిలో కార్లు వచ్చాయి, పోయాయి. ఏ కారు శబ్దం వినిపించినా పిల్ల నిటారుగా అయ్యేది, అది వెళ్ళిపోయాక మళ్ళీ గోడకు ఆనుకునేది. ఇక్కడ ఏప్రిల్‌లో పొద్దు తొందరగా వాలదు. ఆ వెలుతురు అంతా పోయి వీధి దీపాలు వెలిగాక, కుని తనంతట తనే ఒక బూటు విప్పింది. కాసేపు ఆగి రెండోది విప్పింది. వాటిని మా చెప్పుల పక్కన పెట్టి, ఆకలేస్తోంది అంది. అంతవరకూ అది అడిగి అన్నం పెట్టించుకోలేదు. ఆంటీని లేవదీయడానికి నేనూ శ్రీధర్ ఇద్దరం పట్టాల్సి వచ్చింది. "ఇంతసేపు కింద ఎందుకు కూర్చున్నారాంటీ" అన్నాను ఏడుపు గొంతుతో. "లేచేదాకా తల దగ్గర ఉండాలే, నా ఉద్యోగమే అది" అన్నారు. అప్పటిదాకా టీ కలుపుతూ వినీ విననట్టు విన్న మాట ఆ పూట నాకు అర్థమైంది. చెప్పడం కాదు, ఉండడం. పిల్లకు నమ్మకం కుదిరేదాకా, మన మోకాళ్ళు నొప్పి పుడుతున్నా సరే, లేవకుండా ఉండడం.

ఆ రోజునుంచి మా ఇంట్లో ఒక నియమం వచ్చింది. తలంటిన రోజు ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. శుక్రవారం సాయంత్రమే కునికి చెప్పేవాళ్ళం, రేపు నూనె, రేపు అందరం ఇంట్లోనే అని. శనివారం ముందు అది మా తలలకు పెట్టేది, తర్వాత మేం దానికి పెట్టేవాళ్ళం. ఆంటీ నాలుగింటికి బదులు పొద్దున్నే వచ్చేవారు. పాలైపోయినా ఎవరూ షాపుకు వెళ్ళేవాళ్ళు కాదు, నల్ల టీ తాగేవాళ్ళం. ఇంకో నియమం కూడా ఉంది, ఆంటీ పెట్టిందే. ఈ ఇంట్లో బయటికి వెళ్ళేటప్పుడు ఎవరూ ఎవరి కాళ్ళకూ దణ్ణం పెట్టకూడదు. ఎప్పుడు తిరిగి వస్తారో చెప్పి వెళ్ళాలి, అంతే.

అలా ఎన్నో శనివారాలు గడిచాయి. వేసవి చివర్లో ఒక శనివారం, ఎప్పటిలాగే తల రుద్దుతున్నాను. కుంకుడు పులుసు కళ్ళల్లో పడింది. పిల్ల ఒక్కసారి చెంబు విసిరికొట్టి, బాత్రూమంతా దద్దరిల్లేలా అరిచింది. "కళ్ళు మండుతున్నాయ్! నాకొద్దు! పో! అమ్మా, కళ్ళు!" ఆ చెంబు తగిలి అద్దం పగిలింది. నాకు అద్దం కనపడలేదు, ఏమీ కనపడలేదు. ఆంటీ ఇంకా రాలేదు, కుంకుడు నురగ చేతులతోనే ఆవిడకు ఫోన్ చేశాను. "ఆంటీ, అది నన్ను తిట్టింది. అమ్మా అని తిట్టింది. అద్దం పగలగొట్టింది."  అవతల ముక్కు చీదిన శబ్దం వినిపించింది. "ఇంక చుట్టం కాదే" అన్నారు. పావుగంటలో చక్కెర డబ్బాతో వచ్చి, అందరి నోట్లో తలా చెంచాడు పోశారు. అద్దం పగిలితే అరిష్టమని శ్రీధర్ అనబోతే, "నోరు తెరువు, చక్కెర పోస్తా" అన్నారు.

కుని పెరిగింది. అమ్మా అన్న నోటితోనే, టీనేజీకి వచ్చాక నన్ను అనరాని మాటలన్నీ అంది, తలుపులు విసిరి వేసుకుంది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం నేర్చింది. నేను ఆంటీ దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకుంటే, "పెంచిన తల్లివి కదా, అనిపించుకో" అని నవ్వేవారు. కుని ఆవిడను అమ్మమ్మా అని పిలిచేది. ఆవిడకు ఎనభై దాటాక కడుపులో ఆపరేషను పడింది. మత్తు ఇవ్వడానికి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ఆంటీ అతన్ని నిలబెట్టి, ఏం మందు, ఎంత మోతాదు అని అడిగి, చివరికి, "మరి నువ్వు ఎక్కడ కూర్చుంటావు నాయనా?" అని ఇంగ్లీషులో అడిగారు. అతను నవ్వి, మీ తల దగ్గరే డాక్టర్ అన్నాడు. అప్పుడు కుని, "అమ్మమ్మా, నువ్వు లేచేసరికి నేనుంటా. ప్రామిస్" అంది. కుటుంబ సభ్యులు తర్వాత రావచ్చని నర్సు అంటే, ఆ నర్సుతో అరగంట వాదించి ఎలాగో లోపలికి వెళ్ళి కూర్చుంది. ఆంటీ కళ్ళు తెరిచి, ముందుగా దాని మొహం చూసి, "ఏమే, ఇవాళ బడి లేదూ?" అన్నారట.

ఆ తర్వాత ఆవిడ ఒక చలికాలం ఉన్నారు. మంచు కరగడం మొదలైన రోజుల్లో, ఇంట్లోనే, నిద్రలో పోయారు. ఆవిడకు స్నానం చేయించేటప్పుడు తలకు నూనె నేను పెడతానని కుని అడిగింది. తెల్లటి ఆ జుట్టుకు, పాయ పాయకూ, చాలాసేపు పెట్టింది. పొదుపు చెయ్యలేదు. తలంటిన రోజు ఎవరూ ఎక్కడికీ వెళ్ళరన్న నియమం పెట్టిన మనిషి, ఆ ఒక్కరోజు తన నియమం తనే తప్పారు. కుని అదే మాట ఏడుస్తూ అంది.

ఇప్పుడు పోయిన ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. దానికి ముందు శనివారం నూనె కార్యక్రమం మామూలుగానే జరిగింది, ఎవరూ గడప దాటలేదు. నాకు మాత్రం అప్పటికి వారం రోజులుగా నిద్ర పట్టడం లేదు. అది వెళ్ళిపోతుందన్న దిగులు ఒకటే కాదు. దానికి ఇది ఎలా అనిపిస్తుందో అన్న భయం. మళ్ళీ సంచీ, మళ్ళీ బండి, మళ్ళీ కొత్త ఊరు. పద్దెనిమిదేళ్ళు వచ్చినా లోపల ఆ తలుపు దగ్గరి పిల్ల ఇంకా ఎక్కడైనా కూర్చుని ఉందేమో ఎవరు చూడొచ్చారు? ఆదివారం పొద్దున్న శ్రీధర్ దాన్ని కార్లో తీసుకువెళ్ళాడు. సామాన్లకే చోటు చాలక నేను ఇంట్లో ఉండిపోయాను. కుని నన్ను గట్టిగా కౌగిలించుకుని, "అక్టోబర్‌లో థాంక్స్‌గివింగ్ ముందు శుక్రవారం. ఫోర్‌కి ఇంట్లో ఉంటా. పప్పుచారు చెయ్, ఉప్పు వెయ్" అంది. దణ్ణం పెట్టలేదు. కారు వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది, ఛార్జర్ మర్చిపోయిందట. కిటికీలోంచే అరిచి నాచేత తెప్పించుకుంది, థాంక్స్ కూడా చెప్పలేదు.

కారు వెళ్ళాక మేడ మీద దాని గదికి వెళ్ళాను. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడిపోయాను. దుప్పటి సగం మంచం మీద, సగం నేల మీద. తడి తువ్వాలు కుర్చీకి. విడిచిన బట్టలు ఎక్కడివక్కడే. సగం కొరికిన టోస్టు కిటికీ దగ్గర. నూనె మరక పడ్డ దిండు గోడ వారన. ఒక మేజోడు బల్ల మీద ఉంది, దాని జత ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. బొమ్మలన్నీ అలమరలో సర్దిపెట్టి, తనదైన ఒక్క గౌనూ బ్రష్షూ సంచీలో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చున్న పిల్ల గది ఇది. ఇలా పారేసి పోయింది, నా ఇల్లే కదా, మళ్ళీ వస్తాను కదా, మా అమ్మ తిడుతూ తీస్తుంది కదా అని. అక్కడే, ఆ తడి తువ్వాలు పక్కన కూర్చుని, నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఆంటీ ఉంటే చక్కెర డబ్బా తెచ్చేవారు.

ఇవాళ కాచిన నూనె వృథా పోనివ్వలేదు. శ్రీధర్‌ను పిలిచి కూర్చోబెట్టి, అతని తలకు పెట్టాను, నా తలకు అతను పెట్టాడు. నెత్తి తుడుచుకుంటూ మేడ వైపు చూసి, "ఆ గది ఇంకా సర్దలేదా? వారమైంది" అన్నాడు.

"చుట్టం ఖాళీ చేసి పోయిన రూమా అది, సర్దనీకి?" అన్నాను. "వస్తనన్న శుక్రవారం నాలుగింటికి అదే వచ్చి తీసుకుంటది. లేకపోతే నేను తిడత."